చౌడు నేలలో వరి: ల్యాబ్ కంటే ముందున్న చరిత్ర

హరిత విప్లవం అనగానే మనమంతా 1966 నాటి ఐఆర్8తో మొదలుపెడతాం. ఉప్పును తట్టుకునే వరి చరిత్రను మాత్రం అక్కడ మొదలుపెడితే సగం కథే చెప్పినట్టవుతుంది.

ముందు సైన్స్ చూద్దాం. వరి ఉప్పును పెద్దగా తట్టుకోలేదు. నారు దశలో, పూత దశలో మరీ సున్నితం. వేరు నీటితోపాటు సోడియంను కూడా పీలుస్తుంది. అది పైకి చేరితే ఆకు కొనలు మాడిపోతాయి, గింజలు తాలుపోతాయి. తట్టుకునే రకాల్లో ఒక ప్రోటీన్, పైకెక్కే ద్రవంలోని సోడియంను వెనక్కి లాగి ఆకులకు చేరకుండా అడ్డుకుంటుంది. ఈ పని చేసే జన్యువును శాస్త్రవేత్తలు 2005లో గుర్తించారు. దేనిలో? బెంగాల్ నాటు రకం నోనా బోక్రాలో.

ఇప్పుడు కేరళకు రండి. ఎర్నాకుళం, అలప్పుళ, త్రిసూర్ తీరంలో రైతులు పొక్కాళి వరి పండిస్తారు. వానలకు ముందే పొలంలో మట్టి దిబ్బలు వేస్తారు. జూన్ వానలు వాటిలోని ఉప్పును కడిగేశాక మొలకెత్తిన విత్తనం చల్లుతారు. కోతలో వెన్నులు మాత్రమే కోస్తారు. ఆ తర్వాత ఉప్పునీరు వదిలి రొయ్యలు పెంచుతారు, మిగిలిన గడ్డి కుళ్లి వాటికి మేతకు పనికొస్తుంది. అంతర్జాతీయ వరి పరిశోధన సంస్థ అభివృద్ధి చేసిన ఎఫ్ఎల్478కు ఉప్పును తట్టుకునే గుణం ఈ పొక్కాళి నుంచే వచ్చింది.

1969లో కేంద్ర మృత్తికా లవణీయత పరిశోధన సంస్థ ఏర్పడింది. దాని తొలి రకాలు దామోదర్, దాసల్, గెటు సుందర్‌బన్స్ నాటు వరుల నుంచి ఎంపిక చేసినవే. అంటే ల్యాబ్ శూన్యం నుంచి ఏదీ సృష్టించలేదు, రైతులు తరతరాలుగా ఏరి దాచుకున్న విత్తనాన్ని మెరుగుపరిచింది.

ఆ విత్తనం పోతే ఏమవుతుంది? 2009 మేలో ఐలా తుపాను సుందర్‌బన్స్ కట్టలు తెంచింది. పొలాల్లోకి ఉప్పునీరు వచ్చింది. అధిక దిగుబడి రకాలు ఆ నేలలో నిలవలేదు. చాలామంది పాత విత్తనం కోసం వెతుక్కోవాల్సి వచ్చింది.

అందుకే 2001 నాటి మొక్కల రకాల పరిరక్షణ, రైతు హక్కుల చట్టాన్ని, పొక్కాళికి దక్కిన భౌగోళిక గుర్తింపును విడివిడి ఫ్యాక్ట్‌లుగా బట్టీ పట్టకండి. మెయిన్స్‌లో వాతావరణ మార్పు, తీర వ్యవసాయం మీద ప్రశ్న వస్తే ఈ రెండింటినీ కలిపి రాయండి. జన్యు బ్యాంకు విత్తనాన్ని భద్రపరుస్తుంది, కానీ దాన్ని ఎప్పుడు, ఎలా చల్లాలో తెలిసినవాడు పొలంలో మిగలాలి.