బస్సులు కలిసే వేళ: హనుమాన్ జంక్షన్ ప్రయాణ వ్యవస్థపై ఒక పరిశీలన

హనుమాన్ జంక్షన్‌కు బస్టాండు ఉంది, డిపో లేదు. ఇక్కడ ఆగే బస్సులు ప్రధానంగా విజయవాడ, గన్నవరం, గుడివాడ, నూజివీడు, ఏలూరు డిపోలవి. 2022 ఏప్రిల్ 4న జిల్లాల పునర్విభజన జరిగాక ఈ డిపోలు ఎన్టీఆర్, కృష్ణా, ఏలూరు జిల్లాల మధ్య చీలిపోయాయి. డిపో మేనేజరు లెక్కలో జంక్షన్ దారిలో వచ్చే ఒక స్టేజీ. బస్సు మారాల్సిన ప్రయాణికుడికి మాత్రం ఆ రోజు పని అవుతుందా లేదా అన్నది తేలేది అక్కడే. డెల్టా పల్లె బస్సుల భవిష్యత్తు కొత్తగా ఎన్ని బస్సులు వస్తాయన్న దానికన్నా, ఈ కూడలిలో ఒక బస్సు దిగినవారికి మరో బస్సు అందుతుందా అన్నదాని మీదే ఎక్కువగా ఆధారపడి ఉందని ఈ వ్యాసం వాదిస్తుంది.

బస్సు ఎవరు నడపాలన్న ప్రశ్న మీద సుప్రీంకోర్టు దాకా వెళ్లిన చరిత్ర ఈ జంక్షన్ ఉన్న కృష్ణా జిల్లాది. 1958 జనవరి 11న ఆంధ్రప్రదేశ్ రోడ్డు రవాణా సంస్థ ఏర్పడింది. జిల్లాలోని ప్రైవేటు రూట్లను అది స్వాధీనం చేసుకోబోగా, ఇక్కడి బస్సుల యజమానులు సవాలు చేశారు. గుళ్లపల్లి నాగేశ్వరరావు కేసుగా న్యాయశాస్త్ర విద్యార్థులందరికీ తెలిసినది ఇదే. యజమానుల అభ్యంతరాలను శాఖ కార్యదర్శి విన్నారు, నిర్ణయం ముఖ్యమంత్రి తీసుకున్నారు. వాదన విన్నవారే నిర్ణయం చెప్పాలంటూ జస్టిస్ కోకా సుబ్బారావు రాసిన తీర్పు ఆ ఏడాది నవంబరులో వెలువడింది. తర్వాత ముఖ్యమంత్రే స్వయంగా అభ్యంతరాలు విన్నారు. 1959లో మళ్లీ కోర్టుకు వెళ్లిన వివాదంలో ప్రభుత్వం నెగ్గింది.

ఆ విచారణల్లో వినిపించింది యజమానుల గొంతు. బస్సెక్కేవారి గొంతుకు అప్పుడు చోటు లేదు, ఇప్పుడూ పెద్దగా లేదు. 1988 నాటి మోటారు వాహనాల చట్టం ప్రకారం రూటును ప్రభుత్వ సంస్థకు అప్పగించే పథకం తేవాలంటే దాన్ని ప్రచురించాలి, అభ్యంతరాలు వినాలి. సాయంత్రం పల్లెకు వెళ్లే ఒక ట్రిప్పు ఆగిపోవడం మాత్రం సాధారణంగా డిపో లోపలే తేలిపోతుంది. అక్కడ మొదట చూసేది కిలోమీటరుకు వచ్చే రాబడి, సీట్ల నిండుదనం. ఆర్టీసీ వాడుకలో ఈపీకే, ఓఆర్. ఇలా చూస్తే పల్లె ట్రిప్పు తరచూ నష్టంగానే కనిపిస్తుంది. అది జంక్షన్‌కు చేర్చిన ప్రయాణికులు విజయవాడ బస్సు ఎక్కితే, వారి టికెట్ డబ్బులు మరో డిపో ఖాతాలో పడతాయి.

2025 ఆగస్టు 15న మొదలైన స్త్రీశక్తి పథకం ఈ లెక్కను కుదిపింది. పల్లెవెలుగు నుంచి ఎక్స్‌ప్రెస్ దాకా మహిళలకు ఛార్జీ లేదు. మీర్జాపురంలో బస్సెక్కి గుడివాడ ఆసుపత్రికి వెళ్లాల్సిన ఒక మహిళను ఊహించుకుందాం. నేరుగా వెళ్లే సర్వీసు లేని వేళ ఆమె జంక్షన్‌లో మారాలి. ఇదివరకు మారడమంటే రెండు టికెట్ల ఖర్చు. ఇప్పుడు కండక్టరు టికెట్ మిషన్‌లోంచి జీరో టికెట్ తీసిస్తాడు, జంక్షన్ దాటాక రెండో కండక్టరు మరొకటి ఇస్తాడు. ఇక ఆమె చెల్లించే మూల్యమల్లా నిరీక్షణే. కానీ రెండు మిషన్లలోనూ అవి రెండు వేర్వేరు ప్రయాణాలుగా నమోదవుతాయి. వాటి మధ్య ఎండలో, మందుల సంచితో, తాగునీటి కోసం వెతుక్కుంటూ ఆమె గడిపిన గంట ఏ నివేదికలోనూ కనిపించదు. విసిగి షేర్ ఆటో ఎక్కితే రెండో టికెట్టూ ఉండదు. ఆ రూటులో గిరాకీ తగ్గిందని లెక్క తేలుతుంది. పథకం ఫలితాన్ని జీరో టికెట్ల సంఖ్యతోనే కొలిచే పద్ధతి నాకు అసంపూర్ణంగా తోచడానికి కారణం ఇదే.

ఈలోగా జంక్షన్ స్వరూపమూ మారింది. ఆరు వరుసల జాతీయ రహదారి బైపాస్ వచ్చాక దూరప్రాంత వాహనాలు ఊళ్లోకి రానక్కర్లేదు. హైవే మజిలీగా ఎదిగిన ఊరు ఇక స్థానిక ప్రయాణాల కూడలిగా నిలవాలి. నూజివీడు పేరు పెట్టుకున్న రైల్వే స్టేషన్ ఉన్నదీ ఈ జంక్షన్ దగ్గరే. రైలు దిగిన ట్రిపుల్ ఐటీ విద్యార్థి నూజివీడు చేరాలంటే రోడ్డెక్కాల్సిందే. జంక్షన్ ఉన్న బాపులపాడు మండలంలోని మల్లవల్లిలో 2025 మార్చిలో అశోక్ లేలాండ్ బస్సుల కర్మాగారం ప్రారంభమైంది. బస్సులు తయారుచేసే మండలంలో షిఫ్టు దిగిన కార్మికుడికి ఇంటికి బస్సు ఉండాలని కోరడం అత్యాశ కాదు. కొత్త బస్సుల విషయానికొస్తే, కేంద్రం 2023లో ప్రకటించిన 10,000 ఎలక్ట్రిక్ బస్సుల పథకం మూడు లక్షలు, ఆపై జనాభా ఉన్న నగరాలను ఉద్దేశించింది. ఆ కొలతకు విజయవాడ అందుతుంది, జంక్షన్ అందదు.

వేళలు కలపడానికి ఒక ఉదాహరణ ఉంది. స్విట్జర్లాండ్ 1982లో దేశమంతటా గంటగంటకూ ఒకే నిమిషానికి రైళ్లు నడిచే పట్టికను అమల్లోకి తెచ్చింది. క్రమంగా ముఖ్య స్టేషన్లలో రైళ్లు, పల్లె బస్సులు ఒకే వేళకు కలిసేలా సర్దింది. అంత సంపన్న దేశంతో పోలికేమిటని అడగవచ్చు. నిజమే, మన రోడ్ల మీద ధాన్యం ట్రాక్టర్లుంటాయి, పెళ్లి ఊరేగింపులుంటాయి. నిమిషాల కచ్చితత్వం కుదరదు. పావుగంట వెసులుబాటుతో కలపడం మాత్రం కుదురుతుంది. దానికి కావాల్సింది డిపోలు కూర్చుని రాసుకునే ఒకే పట్టిక, ముందు బస్సు ఆలస్యమైతే తర్వాతి దాన్ని ఆపగల అధికారమున్న కంట్రోలరు. పురుషులకు జంక్షన్‌లో మారినా చెల్లే ఒకే టికెట్ కూడా అవసరం.

ఆరంభించాల్సింది ఆఖరి బస్సులతో. పగలు ఒక బస్సు తప్పితే మరొకటి దొరుకుతుంది, రాత్రి తప్పితే ఆటోవాడు అడిగినంత ఇవ్వాలి. విజయవాడ, ఏలూరు వైపు నుంచి వచ్చే సాయంత్రపు సర్వీసులు చేరాకే నూజివీడు, గుడివాడ ఆఖరి ట్రిప్పులు కదలాలి. ఆ పట్టిక ముసాయిదాను జంక్షన్ బస్టాండు గోడకు అంటించి, నెల రోజులు అభ్యంతరాలు తీసుకోవాలి. వాటిని వినేందుకు ఆయా డిపోల మేనేజర్లు, అంటే వేళలు మార్చే అధికారం ఉన్నవారే, ఆ బస్టాండులో కూర్చోవాలి.