నియమావళిలో బాలికల చరిత్ర: ఆసియా 16 ఏళ్లలోపు బాస్కెట్‌బాల్ పోటీలు - ఒక పరిశీలన

1. ప్రవేశిక

క్రీడాచరిత్ర రచన తరచుగా విజేతల జాబితాతో మొదలై ఆ జాబితాతోనే ముగుస్తుంది. ఎవరు గెలిచారన్న ప్రశ్నకు ముందు, ఎవరికి ఆడే అర్హత దక్కిందన్న ప్రశ్న ఉంది. దానికి సమాధానం ఫలితాల పట్టికలో కాక నియమావళిలో దొరుకుతుంది. ఆసియా 16 ఏళ్లలోపు బాలికల బాస్కెట్‌బాల్ పోటీలను, ముఖ్యంగా 2017 అక్టోబరులో బెంగళూరులో జరిగిన పోటీని ఈ దృష్టితో పరిశీలించడమే ఈ వ్యాస ఉద్దేశం.

2. ఆటతోపాటే పుట్టిన హద్దు

1891 డిసెంబరులో అమెరికాలోని స్ప్రింగ్‌ఫీల్డ్‌లో జేమ్స్ నైస్మిత్ బాస్కెట్‌బాల్‌ను రూపొందించారు. మరుసటి ఏడాదే స్మిత్ కళాశాల వ్యాయామ అధ్యాపకురాలు సెండా బెరెన్‌సన్ దానిని విద్యార్థినులకు పరిచయం చేశారు. ఆమె కోర్టును మూడు భాగాలు చేసి, ఎవరి భాగాన్ని వారు దాటరాదనీ, ప్రత్యర్థి చేతిలోని బంతిని లాక్కోరాదనీ నియమించారు. స్త్రీలకు ఆటను అందించిన నియమమే వారి పరుగుకు హద్దు గీసింది. అమెరికాలోని అయోవా రాష్ట్ర పాఠశాలల్లో జట్టుకు ఆరుగురు చొప్పున, ఒక్కొక్కరు సగం కోర్టుకే పరిమితమై ఆడే బాలికల పద్ధతి 1993 వరకు కొనసాగింది. పురుషుల బాస్కెట్‌బాల్ 1936లో ఒలింపిక్స్‌లో చేరగా, మహిళలు మరో నలభై ఏళ్లు వేచి ఉండవలసి వచ్చింది.

3. ఆసియాలో క్రమపరిణామం

ఆసియా పురుషుల పోటీ 1960లో మనీలాలోనూ, మహిళల పోటీ 1965లో సియోల్‌లోనూ ఆరంభమయ్యాయి. జూనియర్ మహిళల పోటీ 1970లో సియోల్‌లోనే మొదలైంది. 16 ఏళ్లలోపు బాలికలకు ప్రత్యేక పోటీ ఏర్పడింది 2009లో, పుణెలో.

బెంగళూరు పోటీలో ఓషియానియా జట్లు కూడా పాల్గొన్నాయి. జట్లు రెండు డివిజన్లుగా ఆడాయి. 'ఎ' డివిజన్‌లో ఆస్ట్రేలియా విజేతగా నిలిచింది. 'బి' డివిజన్‌ను గెలిచిన భారత బాలికలు పై డివిజన్‌కు చేరారు. 'ఎ' డివిజన్‌లోని తొలి నాలుగు జట్లకే 2018 మిన్స్క్ ప్రపంచకప్‌లో అవకాశం దక్కింది. అంటే సమ ఉజ్జీలతో ఆడే వీలు కల్పించిన డివిజన్ విధానమే, కింది జట్లను ప్రపంచవేదికకు ఒక మెట్టు దూరంలో నిలిపింది.

4. తలపాగా, హిజాబ్: భద్రత అనే వాదం

తలను కప్పే వస్త్రాలను భద్రత పేరిట అంతర్జాతీయ బాస్కెట్‌బాల్ సమాఖ్య (ఫిబా) చాలాకాలం అనుమతించలేదు. 2014లో చైనాలోని వుహాన్‌లో ఇద్దరు భారతీయ సిక్కు క్రీడాకారులు తలపాగాలు తీసి ఆడవలసి వచ్చింది. అదే ఏడాది ఇంచియాన్ ఆసియా క్రీడల్లో హిజాబ్‌కు అనుమతి లభించక ఖతార్ మహిళల జట్టు మంగోలియాతో ఆడకుండానే వెనుదిరిగింది. ఈ వివాదాల అనంతరం 2017 మేలో ఫిబా నియమాన్ని సవరించింది. వస్త్రం నలుపు, తెలుపు లేదా జట్టు దుస్తుల ప్రధాన వర్ణంలో ఉండాలి, ముఖాన్ని కప్పరాదు, ఎవరికీ హాని కలిగించరాదు. ఈ సవరణ అక్టోబరు 1న అమలులోకి వచ్చింది. బెంగళూరు పోటీ అదే నెలలో జరిగింది.

ఇక్కడ గమనించదగిన అంశం ఒకటుంది. భద్రత అనే ప్రమాణం తొలగిపోలేదు. నిన్నటివరకు నిషేధానికి కారణమైనది, నేడు వస్త్రం ఎలా ఉండాలో చెప్పే షరతుగా మారింది. కాబట్టి అడ్డంకి వస్త్రంలో కంటే నియమాన్ని రాసినవారి ఊహలో ఎక్కువగా ఉందని భావించవచ్చు. అయితే ఈ సవరణ బాలికకు కోర్టులో చోటిచ్చిందే కాని, ఆ వస్త్రం ఆమె ఇష్టమా, ఇతరుల ఆజ్ఞా అన్న ప్రశ్నను పరిష్కరించలేదు.

5. ముగింపు

బెరెన్‌సన్ గీతలు, డివిజన్ విధానం, వస్త్ర నియమం - ఈ మూడూ తలుపు తెరుస్తూనే గడపను కూడా నిర్మించాయి. ఆ గడప ఎత్తును నిర్ణయించే చోట ఆడే బాలికల మాటకు ఎంత విలువ ఉంది? బాలికల క్రీడాచరిత్రను రాసేవారు పతకాలకంటే ముందు అడగవలసిన ప్రశ్న ఇదే.