కోట, ఆరామము, దేవాలయము

చరిత్ర చూడడానికి దూరదేశాలకు పోనక్కరలేదని తలచి, మేము కొందరము ఒకనాటి ఉదయము నర్మెట్ట నుండి జీపులో బయలుదేరాము.

మొదట ఖిలాషాపురం కోట చూశాము. గీత కార్మికుల కులములో పుట్టిన సర్వాయి పాపన్న మొగలు అధికారులను ఎదిరించి ఇక్కడ రాతికోట కట్టాడు. 1708లో ఓరుగల్లుపై దాడి చేశాడు. 1710లో ఆయనను చంపించారు. బురుజులు నిలిచియున్నవి, ఏలేవారు లేరు.

జనగామ మీదుగా సూర్యాపేట దారిలో ఫణిగిరి చేరాము. పాము పడగవంటి ఆ కొండపై బౌద్ధ స్తూపము, చైత్యగృహములు, భిక్షువుల విహారముల పునాదులు కలవు. ఇక్ష్వాకు రాజు రుద్రపురుషదత్తుని 18వ పాలనా సంవత్సరములో ఒక రాజవైద్యుడు ఇక్కడ ధర్మచక్రమును నిలిపినట్లు శాసనము చెప్పుచున్నది. నేడు ఆ గదులలో ధ్యానించేవారు లేరు.

సాయంకాలానికి దోర్నకల్ చేరాము. 1939 జనవరి 6న ప్రతిష్ఠింపబడిన ఎపిఫనీ మహాదేవాలయములో గుడి స్తంభాల తీరు, మసీదు గుమ్మటాల తీరు కలిసియున్నవి. 1912లో ఆంగ్లికన్ సంఘములో మొదటి భారతీయ బిషప్పుగా అభిషేకము పొందిన అజరయ్య గారు 1945లో నిద్రించి ఇక్కడే సమాధి చేయబడ్డారు. ఆయన కాలములో పేద తల్లులు వంటకు ముందు పిడికెడు బియ్యము దేవునికని తీసిపెట్టేవారు. కూలినాలి చేసుకొనే సంఘాలు తమ బోధకులను పోషించుకొనుటకు ఆ పిడికెడు తోడ్పడినది.

మూడు చోట్లా రాయి ఉన్నది. ఆరాధన గంట మూడవచోటనే విన్నాము. సంఘస్థులారా, శతాబ్ది పండుగ చేసుకొనే మనము ఆ పిడికెడు ఇంకా తీయుచున్నామా?