రాబోయే మోడల్ కోసం ఆగినవాళ్లు

1981 ఏప్రిల్‌లో శాన్‌ఫ్రాన్సిస్కోలో జరిగిన కంప్యూటర్ల ప్రదర్శనలో ఒక పెట్టె చుట్టూ జనం మూగారు. చూడ్డానికి అది కుట్టుమిషను పెట్టెలా ఉంది. బరువు దాదాపు 11 కిలోలు. మోసుకెళ్లడానికి పిడి ఉంది. పడుకోబెట్టి క్లిప్పులు తీస్తే మూతే ఊడివచ్చి కీబోర్డు అయ్యేది. లోపల రెండు ఫ్లాపీ డ్రైవుల నడుమ 5 అంగుళాల తెర. దాని మీద వరుసకు 52 అక్షరాలే కనిపించేవి. వాక్యం అంతకు మించి సాగితే తెరను పక్కకు జరుపుకుంటూ చదువుకోవాలి. లోపల బ్యాటరీ లేదు, ప్లగ్గు దొరికిన చోటే పని. అయినా విమానంలో సీటు కింద పట్టే ఆ పెట్టె, పేరు ఆస్‌బోర్న్-1, చేత్తో మోసుకెళ్లే కంప్యూటర్లలో వ్యాపారపరంగా నెగ్గిన మొదటిది. ధర 1,795 డాలర్లు. విడిగా కొంటే దాదాపు 1,500 డాలర్లయ్యే వర్డ్‌స్టార్, సూపర్‌కాల్క్ వంటి సాఫ్ట్‌వేర్లు ఆ ధరలోనే కలిపి ఇచ్చారు.

"ఇప్పుడే కొందామా, కొత్త మోడల్ వచ్చేదాకా ఆగుదామా?" ల్యాప్‌టాప్ కొనబోయే ప్రతి ఇంట్లోనూ ఇవాళ నలిగే ఈ ప్రశ్న చరిత్ర ఆ పెట్టె దగ్గరే మొదలవుతుంది.

దాన్ని అమ్మిన ఆడం ఆస్‌బోర్న్ బాల్యం అరుణాచలం నీడలో గడిచిందంటే తెలుగు పాఠకులకు ఆశ్చర్యం కలగొచ్చు. తండ్రి ఆర్థర్ ఆస్‌బోర్న్ రమణ మహర్షి భక్తుడు. మహర్షి జీవితం మీద పుస్తకం రాశాడు, 1964లో 'ది మౌంటెన్ పాత్' పత్రిక మొదలుపెట్టింది కూడా ఆయనే. 1939లో బ్యాంకాక్‌లో పుట్టిన ఆడం, రెండో ప్రపంచ యుద్ధ కాలంలో తండ్రి థాయ్‌లాండ్‌లో నిర్బంధంలో ఉండగా, తల్లితో తిరువణ్ణామలైలో పెరిగాడు. బ్రిటన్‌లో, అమెరికాలో చదివి, కంప్యూటర్ పుస్తకాలు రాసి, వాటిని తనే ప్రచురించి, ఆ మీదట యంత్రాల తయారీకి దిగాడు. యంత్రానికి రూపం ఇచ్చింది ఇంజినీరు లీ ఫెల్సెన్‌స్టైన్. గిరాకీ ఉచ్చస్థితిలో ఉన్నప్పుడు నెలకు 10,000 దాకా అమ్ముడుపోయాయి.

1983లో కంపెనీ 'ఎగ్జిక్యూటివ్' అనే కొత్త మోడల్ ప్రకటించింది. తెర 7 అంగుళాలు, ధర 2,495 డాలర్లు. కబురు పొక్కగానే డీలర్లు పాత మోడల్‌కి ఆర్డర్లు పెట్టడం మానేశారు. దుకాణం మెట్లెక్కినవాడు "కొత్తది వస్తోందట కదా" అని వెనుదిరుగుతుంటే ఏ డీలరు మాత్రం సరుకు దింపుకుంటాడు? పాతది కదలలేదు. కొత్తది పాత లోటు పూడ్చేంతగా అమ్ముడుపోలేదు. ఆ సెప్టెంబరులో కంపెనీ దివాలా పిటిషన్ వేసింది. తర్వాతి మోడల్ గురించి ముందే నోరు జారి చేతిలో ఉన్న మోడల్‌ని చంపుకోవడానికి 'ఆస్‌బోర్న్ ఎఫెక్ట్' అన్న పేరు అప్పటినుంచి స్థిరపడిపోయింది.

అసలు కారణం ఒక్కటే కాదు. అదే 1,795 డాలర్లకు 9 అంగుళాల తెరతో, వరుసకు 80 అక్షరాలతో కేప్రో అప్పటికే బజారులోకి దిగింది. ఐబీఎం సాఫ్ట్‌వేర్‌ని నడిపే కాంపాక్ పోర్టబుల్ వెంటే వచ్చింది. కంపెనీలో పనిచేసిన ఒకరు తర్వాత చెప్పిన కథనం ఇంకోలా ఉంది. గోదాములో 1.5 లక్షల డాలర్ల విలువైన పాత మదర్‌బోర్డులు మిగిలిపోయాయి, వాటిని పారేయడానికి మనసొప్పక పూర్తి యంత్రాలుగా తయారుచేద్దామని తెరలు, డ్రైవులు, పెట్టెల మీద 20 లక్షల డాలర్లు పోశారు, కంపెనీ అక్కడే మునిగింది అని. నమ్మదగ్గ మాటే. కానీ వ్యాపార లోకం గుర్తుపెట్టుకున్నది మొదటి కథనే: కొత్తది షాపులోకి వచ్చేదాకా దాని ఊసు ఎత్తకూడదు. గుట్టు తయారీదారుల సొత్తయింది. కొనేవాళ్లకు ఊహ మిగిలింది.

ఆ ఊహకు ఆధారంగా నిలిచింది ఇంటెల్ సహవ్యవస్థాపకుడు గోర్డన్ మూర్ లెక్క. చిప్పు మీద పట్టే ట్రాన్సిస్టర్లు ఏటా రెట్టింపవుతాయని 1965లో ఆయన అంచనా వేశాడు. 1975లో దాన్ని రెండేళ్లకు సవరించాడు. ఆగితే లాభమే అని పాఠం చెప్పినట్టయింది. 1999లో అమెరికాలోని అరిజోనా విశ్వవిద్యాలయ ఖగోళ పరిశోధకులు ఈ ఆగడానికి హద్దు ఎక్కడో లెక్కగట్టి ఒక చిన్న పత్రం రాశారు. ఒక గణన పూర్తి కావడానికి 26 నెలలకు మించి పడుతుందనుకుంటే, ఇప్పుడే మొదలుపెట్టకుండా కొన్నాళ్లు ఊరుకుని, ఆ డబ్బుతో అప్పుడొచ్చే వేగమైన యంత్రం కొని మొదలుపెట్టడమే మేలని తేల్చారు. అందులో సరదా కొంత ఉన్నా లెక్క మాత్రం నిక్కమైనది. తిప్పి చూస్తే అందులో ఇంకో సంగతి బయటపడుతుంది. 26 నెలల లోపు పూర్తయ్యే పనికి ఆగడం దండగ. డిగ్రీ ప్రాజెక్టు, పన్ను రిటర్ను, పెళ్లి వీడియో ఎడిటింగ్, ఇవేవీ 26 నెలల పనులు కావు.

ఆగినందుకు కాలం వృథా అయినవాళ్ల కథల్లో ఆపిల్ ల్యాప్‌టాప్ పవర్‌బుక్ జీ5ది మొదటి వరస. 2003 జూన్‌లో ఆపిల్ జీ5 ప్రాసెసర్‌తో డెస్క్‌టాప్ ప్రకటించింది. అదే చిప్పుతో ల్యాప్‌టాప్ ఇవాళో రేపో వస్తుందని చాలామంది పాత జీ4 కొనకుండా ఎదురుచూశారు. ఆలూ లేదు చూలూ లేదు కొడుకు పేరు సోమలింగం అన్నట్టు, ఆ యంత్రం పుట్టనే లేదు. జీ5 చిప్పు వేడిని అంత సన్నటి ఒంట్లో ఇమడ్చడం చేతకాలేదు.

2005 జూన్ 6న స్టీవ్ జాబ్స్ వేదికెక్కి, మ్యాక్‌లన్నీ ఇంటెల్ చిప్పులకు మారుతున్నాయని ప్రకటించాడు. ఆస్‌బోర్న్ చేసిన 'తప్పు'నే ఆపిల్ తెలిసి తెలిసి చేసింది. సాఫ్ట్‌వేర్ రాసేవాళ్లు ముందుగా సిద్ధం కావాలంటే చెప్పక తప్పదు. ఏడాది లోపు మొదటి యంత్రం వస్తుందన్నారు, 2006 జనవరిలోనే వచ్చేసింది. ఈ మధ్యకాలంలో మ్యాక్ అమ్మకాలు కూలలేదు. 2005 చివరి మూడు నెలల్లో సుమారు 12.5 లక్షల మ్యాక్‌లు అమ్ముడయ్యాయి, అంతకుముందు ఏడాది ఇదే కాలం కంటే ఎక్కువే. ముందుగా చెప్పడమే కంపెనీని ముంచుతుందన్న నమ్మకానికి ఇంతకన్నా గట్టి జవాబు లేదు.

కంపెనీ సంగతి అలా ఉంచితే, కొన్నవాళ్ల సంగతి చూడాలి. 2005 అక్టోబరులో ఆఖరి పవర్‌బుక్ జీ4 కొన్నవాళ్లకు నాలుగేళ్లు తిరిగేసరికి, 2009 ఆగస్టులో, మ్యాక్‌ల కొత్త ఆపరేటింగ్ సిస్టమ్ స్నో లెపర్డ్ వచ్చింది. అది వాళ్ల యంత్రం మీద ఎక్కదు. వాళ్లు తొందరపడ్డారనుకుందాం. ఓపిక పట్టి 2006 ఫిబ్రవరిలో మొదటి మ్యాక్‌బుక్ ప్రో చేతికి తీసుకున్నవాళ్లో? వాళ్లది కోర్ డుయో చిప్పు, 32 బిట్లది. అదే ఏడు అక్టోబరులో కోర్ 2 డుయోతో, 64 బిట్లతో కొత్త మోడల్ దిగింది. ఆ తేడా అప్పట్లో ఎవరూ పెద్దగా పట్టించుకోలేదు, వేగం కాస్త ఎక్కువ అన్నారు అంతే. 2011 జులైలో స్నో లెపర్డ్ తర్వాతి సిస్టమ్ లయన్ వచ్చినప్పుడు గుమ్మం దగ్గర అడిగిన ప్రశ్న అదొక్కటే: 64 బిట్లేనా? ఫిబ్రవరి యంత్రం బయటే ఉండిపోయింది. అక్టోబరు యంత్రం లోపలికి వెళ్లింది. ఎనిమిది నెలల తేడా. దుకాణంలో పక్కపక్కన పెడితే ఎవరూ పోల్చలేని తేడా.

ల్యాప్‌టాప్ కొనేటప్పుడు అడగాల్సింది "ఎంత వేగం?" అని కాక "కంపెనీవాళ్లు ఎన్నాళ్లు దీన్ని తమదిగా చూసుకుంటారు?" అని అయివుండాల్సింది. పత్రికల్లో వచ్చే సమీక్షలు అప్పుడూ వేగం దగ్గరే ఆగాయి, ఇప్పుడూ అక్కడే ఆగుతున్నాయి.

విండోస్ వైపు 2006లోనే ఇంకో రకం చిక్కు. కొత్త విండోస్ విస్టా ఆ ఏడు క్రిస్మస్ అమ్మకాలకు అందలేదు, 2007 జనవరి 30కి జరిగింది. ఈలోపు గిరాకీ పడిపోకూడదని కొత్త ల్యాప్‌టాప్‌ల మీద 'విస్టా క్యాపబుల్' అన్న స్టిక్కర్లు అతికించారు. ఆగక్కర్లేదు, ఇప్పుడే కొనండి అని భరోసా. తీరా విస్టా వచ్చాక, స్టిక్కరున్న చాలా యంత్రాలు దాని బేసిక్ రకాన్ని మాత్రమే నడపగలిగాయి. ప్రకటనల్లో చూపించిన గాజు పలకల్లాంటి కిటికీలు వాటి మీద కనిపించలేదు. కొన్నవాళ్లు కోర్టుకెక్కారు. ఆ కేసులో బయటపడ్డ ఈమెయిళ్లలో మైక్రోసాఫ్ట్ వైస్ ప్రెసిడెంట్ మైక్ నాష్‌ది ఒకటి. ఆ స్టిక్కరు చూసే తానూ 2,100 డాలర్లు పెట్టి ల్యాప్‌టాప్ కొన్నానని, చివరికి అది మెయిల్ చూసుకోవడానికి తప్ప పనికిరాలేదని సహోద్యోగులకు రాసుకున్నాడు. విండోస్ వ్యవహారాలు చూసే మనిషే దుకాణంలో మోసపోతే మామూలు మనిషి పరిస్థితి ఏమిటి?

మొదటి వరుసలో కొన్నవాళ్లకు దెబ్బ తగలడమూ ఉంది. 2011 జనవరిలో ఇంటెల్ శాండీ బ్రిడ్జ్ చిప్పులు తెచ్చింది. నెలాఖరుకల్లా, వాటికి తోడుగా ఉండే చిప్‌సెట్‌లో హార్డ్ డిస్కు దారులు కాలక్రమంలో బలహీనపడతాయని ఒప్పుకుంది. మరమ్మతులకు, మార్పిడులకు 70 కోట్ల డాలర్ల ఖర్చు అంచనా. కొత్త ల్యాప్‌టాప్‌లు తెచ్చిన కంపెనీలు చాలా వాటి అమ్మకం ఆపేశాయి.

తెలుగు ఇళ్లలో ఈ నిర్ణయానికి ఇంకో లెక్క కలిసింది. వయసు 18 నిండిన ప్రయాణికుడు ఒక ల్యాప్‌టాప్‌ను సుంకం లేకుండా తెచ్చుకోవచ్చని 2004 జనవరిలో కేంద్రం ఉత్తర్వు ఇచ్చింది. అప్పటినుంచి మోడల్ విడుదల తేదీ కన్నా బావగారి టికెట్ తేదీ ముఖ్యమైపోయింది. నవంబరు చివర్లో అమెరికాలో బ్లాక్ ఫ్రైడే తగ్గింపులు, డిసెంబరు సెలవుల్లో ప్రయాణం, సంక్రాంతికి ఊళ్లో డబ్బా తెరవడం. ఇంజినీరింగ్ సీటు ఆగస్టులో వచ్చిన పిల్లవాడు మొదటి సెమిస్టరంతా స్నేహితుడి యంత్రం మీదో కాలేజీ ల్యాబులోనో గడిపి జనవరిదాకా ఆగేవాడు. ఆగలేనివాళ్లు సికింద్రాబాద్ పార్క్‌లేన్‌లోని చెనాయ్ ట్రేడ్ సెంటర్ మెట్లెక్కేవారు. "అన్నా, నెక్స్ట్ జనరేషన్ ఎప్పుడొస్తది?" అని అడిగితే కౌంటర్ వెనకాలాయన చెప్పే జవాబులో సగం సమాచారం, సగం పాత స్టాకు బరువు.

ప్రభుత్వ ఉత్తర్వు ఒక్కటే ఈ లెక్కలన్నీ తలకిందులు చేయగలదని 2023 ఆగస్టు 3న తెలిసింది. ల్యాప్‌టాప్‌ల దిగుమతికి లైసెన్సు తప్పనిసరి అని, అది వెంటనే అమలని ప్రకటించారు. ధరలు పెరుగుతాయి, సరుకు దొరకదు అని భయం పుట్టింది. మర్నాడే అమలును అక్టోబరు 31 దాకా వాయిదా వేశారు. తర్వాత లైసెన్సు స్థానంలో, దిగుమతుల వివరాలు నమోదు చేసి అనుమతి పొందే పద్ధతి వచ్చింది.

ఆ ఉత్తర్వుకు చాలా ముందే మూర్ లెక్క మందగించింది. ఒక ఏడు చిప్పు తయారీ సన్నబడటం, మరుసటి ఏడు దాని నిర్మాణం మారడం అన్న 'టిక్-టాక్' క్రమాన్ని ఇంటెల్ 2007 నుంచి పాటించి 2016లో వదిలేసింది. 14 నానోమీటర్ల తయారీలోనే మోడల్ మీద మోడల్ వచ్చింది. ఆ కాలంలో ఆరేడు నెలలు ఆగినవాళ్లకు దక్కింది స్వల్పమే. ఇక ఆగడంలో అర్థం లేదని చాలామంది అనుకునే సమయానికి 2020 వచ్చింది.

ఆ మార్చిలో ఆపిల్ ఇంటెల్ చిప్పుతో కొత్త మ్యాక్‌బుక్ ఎయిర్ విడుదల చేసింది, ధర 999 డాలర్లు. అదే నెలలో దేశం లాక్‌డౌన్‌లోకి వెళ్లింది. పిల్లల క్లాసులు, పెద్దల ఆఫీసులు ఇంటికి వచ్చాయి. ఆగడమన్న ప్రశ్నే లేదు, దొరికింది కొనాలి. జూన్‌లో ఆపిల్ మళ్లీ ముందుగానే చెప్పింది: సొంత చిప్పులకు మారుతున్నాం, రెండేళ్లు పడుతుంది. నవంబరులో ఎం1 చిప్పుతో ఎయిర్ వచ్చింది, అదే 999 డాలర్లకు. 2025 సెప్టెంబరులో మ్యాక్‌ల కొత్త ఆపరేటింగ్ సిస్టమ్ టాహో వచ్చినప్పుడు, అది నడిచే యంత్రాల జాబితాలోంచి మార్చి యంత్రాన్ని తీసేశారు. నవంబరు యంత్రం జాబితాలో ఉంది.

రెండూ మూసి బల్లమీద పక్కపక్కన పెడితే తేడా కనిపించదు. అదే ఏటవాలు అంచు, అదే రంగు, దాదాపు అంతే బరువు. తేడా తెలియాలంటే రెంటినీ తెరిచి, ఒకే వీడియో కాల్ నడిపి, చెవి ఒగ్గి వినాలి. కాసేపటికి ఒకదాంట్లో ఫ్యాను తిరగడం మొదలవుతుంది. రెండోదాంట్లో అసలు ఫ్యానే లేదు.