మన్నుమిద్దె, ఇనుపరేకు: నంద్యాల–ఆళ్లగడ్డ గృహచరిత్రలో ఒక మార్పు

రాయలసీమలో చదునైన కప్పు గల ఇంటిని మిద్దె అంటారు. నంద్యాల, ఆళ్లగడ్డ ప్రాంతపు పాత మిద్దెలలో దూలాలపై దంతెలు, వాటిపై బండలో కట్టెలో పరచి, మన్ను మెత్తి, చౌడు పోసేవారు. తడిసిన చౌడు బిగిసి నీటిని ఆపుతుంది. వానలకు ముందు కొత్త చౌడు పోయకుంటే మిద్దె ఉరుస్తుంది.

1829లో లండన్‌లో హెన్రీ పామర్ ముడతల ఇనుపరేకుకు, 1837లో ఫ్రాన్స్‌లో సోరెల్ జింకుపూతకు పేటెంట్లు పొందారు. ఈ రెండింటి కలయికే నేటి ఇంటిరేకు. మిద్దెలు పాతబడినప్పుడు స్తోమత గలవారు సిమెంటు కప్పుకు మారారు. లేనివారిలో అనేకులకు రేకే దక్కింది. చౌడు మోసే చాకిరీ తప్పింది. అయితే మందపాటి మన్ను నిలువరించిన ఎండవేడి పలుచని లోహం గుండా ఇంట్లోకి దిగింది. కనుక ఈ మార్పును కేవలం ప్రగతిగా కాక, శ్రమకు బదులు తాపాన్ని స్వీకరించిన పేదల చరిత్రగా కూడా పరిశీలించాలి.