విదేశాల్లో నివసించినవారి భద్రతా పరిశీలన

అమెరికా సంయుక్త రాష్ట్రాలలో రహస్య ప్రభుత్వ సమాచారంతో పనిచేసే ఉద్యోగాలకు ఎంపికైనవారి గత జీవితాన్ని, నడవడిని, సంబంధాలను ప్రభుత్వం ముందుగా విచారిస్తుంది. ఆ విచారణ తరువాత ఇచ్చే అర్హతను భద్రతా అనుమతి లేదా సెక్యూరిటీ క్లియరెన్స్ అంటారు. ఇందులో కాన్ఫిడెన్షియల్, సీక్రెట్, టాప్ సీక్రెట్ అని మూడు స్థాయిలున్నాయి. విదేశాల్లో పుట్టినవారికి, చాలాకాలం అక్కడ నివసించినవారికి ఈ విచారణ మరింత నిశితంగా జరుగుతుంది.

చరిత్ర

1953లో అధ్యక్షుడు ఐసెన్‌హోవర్ జారీ చేసిన 10450వ కార్యనిర్వాహక ఉత్తర్వు ప్రభుత్వోద్యోగుల భద్రతా విచారణకు పునాది వేసింది. 1995లో అధ్యక్షుడు క్లింటన్ జారీ చేసిన 12968వ ఉత్తర్వు ప్రకారం ఈ అనుమతి అమెరికా పౌరులకే లభిస్తుంది. ప్రత్యేక నైపుణ్యం అవసరమైనప్పుడు మాత్రం పౌరులు కానివారికి పరిమితమైన అవకాశం ఇవ్వవచ్చు. భద్రతా అనుమతి ఎవరికీ హక్కు కాదని 1988లో నేవీ శాఖకు, ఈగన్‌కు మధ్య జరిగిన వ్యాజ్యంలో సుప్రీం కోర్టు పేర్కొన్నది. 2017 జూన్ నుండి అన్ని శాఖలకు ఒకే విధమైన 13 మార్గదర్శకాలు అమలులోకి వచ్చాయి.

విచారణ విధానం

అభ్యర్థి ఎస్.ఎఫ్.-86 అనే ప్రశ్నావళిని పూరించాలి. ఇందులో ముఖ్యంగా అడిగే విదేశీ వివరాలు:

* గత 10 సంవత్సరాలలో నివసించిన చిరునామాలు. చివరి 3 సంవత్సరాల చిరునామాలకు అక్కడ తనను ఎరిగిన వ్యక్తి పేరు
* గత 7 సంవత్సరాలలోని విదేశీ ప్రయాణాలు, విదేశీయులతో సన్నిహిత పరిచయాలు
* తల్లిదండ్రులు, తోబుట్టువులు, అత్తమామల పౌరసత్వం, నివాసం
* విదేశాల్లో ఉన్న ఇల్లు, భూమి, బ్యాంకు ఖాతా వంటి ఆస్తులు

2019 నుండి ఇటువంటి విచారణలలో అధికభాగాన్ని డిఫెన్స్ కౌంటర్ ఇంటెలిజెన్స్ అండ్ సెక్యూరిటీ ఏజెన్సీ నిర్వహిస్తున్నది. విదేశంలోని చిరునామాలను, చదువును, ఉద్యోగాన్ని నిర్ధారించడం కష్టం కాబట్టి ఆలస్యం జరగడం సాధారణం.

నిర్ణయం

13 మార్గదర్శకాలలో రెండవది విదేశీ ప్రభావానికి, మూడవది విదేశీ పక్షపాతానికి సంబంధించినవి. విదేశంలోని ఆప్తులను అడ్డుపెట్టుకొని అభ్యర్థిపై ఒత్తిడి తేవచ్చునా అన్నది మొదటి ప్రశ్న. ఆ దేశ ప్రభుత్వ స్వభావం, బంధుత్వపు గాఢత, అమెరికాలో అభ్యర్థికి ఉన్న అనుబంధాలు, అన్నింటినీ కలిపి తూచి నిర్ణయిస్తారు. ద్వంద్వ పౌరసత్వం ఉన్నంతమాత్రాన అనర్హత కలగదు. దానిని దాచిపెట్టడం మాత్రం దోషమవుతుంది. తెలిసి అబద్ధం వ్రాస్తే అది నేరం కూడా. అనుమతి నిరాకరించదలచినప్పుడు కారణాలను లిఖితపూర్వకంగా తెలియజేస్తారు. రక్షణశాఖ కాంట్రాక్టు సంస్థల ఉద్యోగులు 20 రోజులలోగా జవాబిచ్చి, పరిపాలనా న్యాయమూర్తి ఎదుట విచారణ కోరవచ్చును.

భారత సంతతివారు

భారతదేశం ద్వంద్వ పౌరసత్వాన్ని అంగీకరించదు. అమెరికా పౌరసత్వం పొందిన వెంటనే భారత పౌరసత్వం రద్దవుతుంది. 2006 జనవరిలో హైదరాబాదులో జరిగిన ప్రవాసీ భారతీయ దివస్‌లో ప్రారంభమైన ఓవర్సీస్ సిటిజన్ ఆఫ్ ఇండియా పథకం పేరులో పౌరసత్వమున్నా, దానివల్ల ఓటు హక్కు రాదు. అమెరికాలో స్థిరపడిన తెలుగువారిలో అనేకులకు స్వస్థలంలో తల్లిదండ్రులు, పొలం, ఇల్లు ఉంటాయి. ఇవి ఉండటమే తప్పు కాదు గాని, వీటిని పూర్తిగా తెలియజేయాలి.

వివరాల గోప్యత

2015లో అమెరికా ప్రభుత్వ సిబ్బంది నిర్వహణ కార్యాలయపు కంప్యూటర్లలో చొరబాటు జరిగినట్లు వెల్లడైంది. సుమారు 2 కోట్ల 15 లక్షల మంది విచారణ వివరాలు, 56 లక్షల మంది వేలిముద్రలు అపహరణకు గురయ్యాయి. వీరిలో అభ్యర్థులే కాక వారి జీవిత భాగస్వాములు కూడా ఉన్నారు. దేశ రహస్యాలను కాపాడటానికి సేకరించిన సమాచారమే వ్యక్తులకు ముప్పుగా మారగలదని ఈ సంఘటన తెలిపింది.

ఇవి కూడా చూడండి

* పాస్‌పోర్టు
* పౌరసత్వం
* ప్రవాస భారతీయులు