పలనాటి రాయి, రోమా చలువరాయి: ఫణిగిరి శిల్పాల రాతి మూలంపై ఒక పరిశీలన

పరిచయం

ప్రకటన గ్రంథం 18వ అధ్యాయంలో మహా పట్టణపు వర్తకుల సరుకుల జాబితా ఒకటి ఉంది. ఆ జాబితాలో చలువరాయి ఉంది (12వ వచనం). దాని చివర మనుష్యుల ప్రాణాలు కూడా సరుకుగానే ఉన్నాయి (13వ వచనం). రాయి ఎక్కడిది అనే ప్రశ్న వేసినప్పుడు, దానిని ఎవరు తవ్వారు, ఎవరు మోశారు అనే ప్రశ్న దాని వెంటే వస్తుందని ఈ వరుస మనకు గుర్తుచేస్తున్నది. రోమా పట్టణాల చలువరాయి మూలాలను పరిశోధకులు ఏ విధంగా కనుగొన్నారో క్లుప్తంగా చూసి, ఆ వెలుగులో మన ప్రాంతపు ఫణిగిరి, కృష్ణా తీరపు అమరావతి రాళ్ల సంగతిని పరిశీలించడం ఈ వ్యాసం ఉద్దేశం.

రోమా పట్టణాల చలువరాయి

చక్రవర్తి ఔగుస్తు కాలానికి ఇటలీలోని లూనా గనుల నుండి, అనగా నేటి కర్రారా నుండి, తెల్లరాయి రోమా నగరానికి విస్తారంగా వచ్చింది. ఏథెన్సు దగ్గరి పెంతెలికోను కొండ, పారోసు, థాసోసు దీవులు, మర్మరా సముద్రంలోని ప్రొకొన్నెసు దీవి తక్కిన ముఖ్య స్థానాలు. కంటికి ఇవన్నీ తెల్లరాళ్లే. అందుచేత చాలా కాలం పండితులు రంగును, రేణువుల పరిమాణాన్ని బట్టి మాత్రమే తీర్పు చెప్పారు. 1972లో హార్మన్ క్రెయిగ్, వాలెరీ క్రెయిగ్ అనే శాస్త్రజ్ఞులు రాతిలోని కార్బన్, ఆక్సిజన్ ఐసోటోపుల నిష్పత్తిని కొలిచి గ్రీకు గనులను ఒకదాని నుండి ఒకటి వేరుచేయవచ్చునని చూపారు. ఆవగింజంత పొడి ఉంటే చాలు. ఇప్పుడు దీనితోపాటు రాతిని పలుచని పొరగా కోసి సూక్ష్మదర్శినిలో చూసే పద్ధతిని కూడా వాడుతున్నారు.

బోధకులకు దీనివలన కలిగే మేలు చిన్నది కాదు. ఉదాహరణకు కైసరయను పౌలు కాలంలోనే చలువరాతి నగరంగా వర్ణించడం మనకు అలవాటు. అయితే హేరోదు ఆ పట్టణాన్ని ప్రధానంగా స్థానికమైన ఇసుకరాతితో కట్టించి, పైన సున్నపు పూత పూయించాడు. దిగుమతి చలువరాయి అక్కడికి విస్తారంగా వచ్చింది రెండవ శతాబ్దంలో. కాబట్టి అపొస్తలుల కార్యములు 25వ అధ్యాయపు అధికార మందిరాన్ని వర్ణించేటప్పుడు మెరిసే చలువరాతి స్తంభాలను మనం చేర్చనవసరం లేదు.

అమరావతి: పేరుకు చలువరాయి

కర్నల్ కాలిన్ మెకంజీ అమరావతి దిబ్బను 1797లో చూశాడు. 1845లో వాల్టర్ ఇలియట్ అక్కడ తవ్వించిన శిల్పాలు మద్రాసు చేరాయి. 1859లో వాటిలో అనేకం లండనుకు ఓడలో వెళ్లాయి. ఇంగ్లీషువారు వాటిని ‘ఇలియట్ మార్బుల్స్’ అన్నారు. కాని అది చలువరాయి కాదు, సున్నపురాయి. సున్నపురాయి భూగర్భంలో వేడికి, ఒత్తిడికి లోనై స్ఫటికంగా మారితేనే చలువరాయి అవుతుంది. అమరావతి రాయి అలా మారలేదు. నునుపైన సన్నని రేణువులు, లేత ఆకుపచ్చ లేక బూడిద రంగు దాని గుర్తులు.

ఈ రాతి పుట్టిల్లు పలనాడు. 1872లో విలియం కింగ్ కడప, కర్నూలు శిలా సముదాయాలపై ప్రకటించిన గ్రంథంతో ఈ పొరల వివరం లోకానికి తెలిసింది. నార్జి గ్రామం పేరుతో పిలువబడే ఈ సున్నపురాయి వయస్సు 50 కోట్ల సంవత్సరాలకు పైబడినది. పెంకుగల ప్రాణులు ఇంకా లేని కాలానిది గనుక దానిలో గవ్వల శిలాజాలు దొరకవు. ఇతర దేశాలలో శిలాజాలను చూసి గనిని గుర్తించే పద్ధతి ఇక్కడ పనికిరాదు. రసాయనిక పరీక్ష, పలుచని పొర పరీక్ష మాత్రమే ఇక్కడ సహాయపడగలవు.

ఫణిగిరి: గ్రానైటు కొండపై సున్నపురాయి

పూర్వపు నల్లగొండ జిల్లాలో, నేటి సూర్యాపేట జిల్లాలో, మూసీకి ఉపనది అయిన బిక్కేరు వాగు సమీపాన ఫణిగిరి ఉంది. రాష్ట్ర పురావస్తు శాఖ అక్కడ 2001 నుండి పలు దఫాలు తవ్వకాలు జరిపింది. 2003లో చెక్కడాలతో కూడిన తోరణపు భాగాలు బయటపడ్డాయి. ఇక్ష్వాకు రాజు రుద్రపురుషదత్తుని 18వ పరిపాలనా సంవత్సరపు శాసనం కూడా అక్కడ దొరికింది. 2023లో న్యూయార్కులోని మెట్రోపాలిటన్ మ్యూజియం ప్రదర్శనలో ఫణిగిరి శిల్పాలు నిలిచాయి.

ఫణిగిరి కొండ గ్రానైటు. ఆత్మకూర్ (ఎస్) మొదలుకొని సూర్యాపేట చుట్టుపట్ల ఊళ్లలో బావి తవ్వినా, పునాది తీసినా మనకు తగిలేది అదే రాయి. తోరణం మాత్రం సున్నపురాయి. కాబట్టి ఆ రాయి బయటినుండి వచ్చింది. దానికి సమీపంలోని సున్నపురాతి నేల పలనాటి పొరల ఉత్తర భాగమే. ఆ పొరలు కృష్ణ దాటి హుజూర్‌నగర్, మేళ్లచెరువు, వాడపల్లి వైపు వ్యాపించాయి. ఫణిగిరికి, హుజూర్‌నగర్‌కు మధ్య దాదాపు 70 కిలోమీటర్ల దూరం. కాళ్ల కింద గట్టి రాయి ఉండగా, అంత దూరం నుండి బరువైన పలకలను తెప్పించడానికి కారణం ఏమిటి? గ్రానైటు ఉలికి సులభంగా లొంగదు. సున్నపురాతిలో వేలిగోరంత ముఖాన్ని కూడా చెక్కవచ్చు. పైగా కృష్ణా తీరపు శిల్పులకు అలవాటైన రాయి అదే.

కట్టడపు పద్ధతిలోనూ ఒక పోలిక ఉంది. రోమా భవనాలలో లోపల ఇటుక, కాంక్రీటు ఉంటే పైన పలుచని చలువరాతి పలకలు ఉండేవి. అమరావతి స్తూపానికి కూడా లోపల ఇటుక, వెలుపల చెక్కిన రాతి పలకలు. నాగార్జునకొండలో తిబెరి, హద్రియాను చక్రవర్తుల బంగారు నాణెములు దొరికాయి గనుక ఆ రెండు లోకాల మధ్య వర్తకం సాగిందనడంలో సందేహం లేదు. అయితే రోమా చలువరాయి ఇక్కడి శిల్పాలకు ఆధారం కాదు; వర్తకపు ధనం ప్రవహించినా, రాయి మాత్రం మన నేలదే.

రాయి వెనుకనున్న మనుష్యులు

రోమా గనులలో పనిచేసినవారిలో శిక్ష పొందిన ఖైదీలు ఉన్నారు. పాలస్తీనా హతసాక్షులను గూర్చి వ్రాసిన యూసేబియసు, ఐగుప్తులోని ఎర్రరాతి గనులలో ఉంచబడిన క్రైస్తవ ఒప్పుకోలుదారులను పేర్కొన్నాడు. రాజభవనాల స్తంభాలకు వాడిన రాయి అది.

అమరావతిలో మరొక దృశ్యం కనబడుతుంది. పూర్ణఘటం చెక్కిన ఒక పలకపై దాత పేరు విధికుడు అనియు, అతడు చర్మకారుడు అనియు ఉంది. నాటి వృత్తి పేరును నేటి కులంతో సమానం చేయకూడదు. అయినను తోలు పనిచేసే ఒక కుటుంబం తన పేరుతో పవిత్ర స్థలంలో రాతిపలకను నిలిపిందన్నది చరిత్ర. తోలు పని కారణంగా తరతరాలుగా ఊరి వెలుపల ఉంచబడిన కుటుంబాల నుండి వచ్చిన విశ్వాసులు మన సంఘాలలో అనేకులు. తమ పూర్వులకు చరిత్ర లేదనే మాట వారు తరచుగా వింటారు. ఈ పలక ఆ మాటకు జవాబు.

ముగింపు

అమరావతి పలకలలో అనేకం సున్నపు బట్టీలలో కాలిపోయాయి, కొత్త కట్టడాలలో కలిసిపోయాయి. నేడు అదే సున్నపురాయి మేళ్లచెరువు, వాడపల్లి ప్రాంతాలలో సిమెంటుకు ముడిసరుకు. ప్రాచీన గనుల ఆనవాళ్లు తవ్వకాలలో చెరిగిపోతే, శిల్పంతో పోల్చి చూడడానికి రాయి మిగలదు. అందుచేత ఆ నేల నుండి నమూనాలు సేకరించి, ఫణిగిరి శకలాలతో పోల్చే పరీక్షలు త్వరగా జరగవలసి ఉంది.

కాపరులకు ఒక మనవి. మందిరపు పునాది కొరకు గాని, సమాధుల స్థలం కొరకు గాని తవ్వినప్పుడు చెక్కడం ఉన్న రాయి కనబడితే పగులగొట్టనియ్యవద్దు. అది అన్యమతపు గుర్తు గనుక మనకు పనిలేదని అనుకోవద్దు. పురావస్తు శాఖకు తెలియజేయండి. ఆ రాతిని చెక్కిన చేతులు, మోసిన భుజాలు దేవుడు చేసినవే గదా.